భూమి ముఖంగా తోలిన డంపర్లు

కొత్తగా వెలయబోయే ఊరి కార్మిక సోదర సోదరీమణులకు, అక్కడి పెద్దలకు, బడి నడపబోయే ఉపాధ్యాయులకు మండా పైడయ్య, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నమస్కరించి వ్రాయునది.

లేఖకు పైన కుడిపక్కన తేదీ, స్థలం ఉండాలని ఉద్యోగమంతా పిల్లలకు బోధించాను. వ్రాయనివారికి మార్కులు తగ్గించాను. అయినా ఈ లేఖలో రెండూ తెలిసే విడిచిపెట్టాను. ఊరి పేరు వ్రాస్తే అది ఆ ఊరివారి తంటా అని పక్కన పెడతారు. తేదీ వ్రాస్తే అది అప్పటి మాట అంటారు. మీరూ మాలాగే చంద్రుని దక్షిణపు కొసన దిగబోతున్నారు. మీకూ మట్టి నుంచి గాలి తీసే ప్లాంటు ఉంటుంది, ఆ మట్టిని పారబోసే డంపర్లు ఉంటాయి. మనకు అంతమాత్రం పరిచయం చాలు.

ఈ కొసన భూమి నడినెత్తికి ఎన్నడూ రాదు. ఒకే దిక్కున, కొండ అంచుకు కొంచెం పైకి లేచి, ఒక పక్షం పాటు అక్కడే నిలిచి, లేచినచోటే దిగుతుంది. మరుసటి పక్షం కనబడదు. లేవడాన్ని మా ఊళ్ళో పొడుపు అంటాము. నేను దినచర్య వ్రాసుకునేది పొడుపుల లెక్కనే. అందులో మీకు పనికివచ్చే భాగాలను దిగువ ఎత్తి వ్రాస్తున్నాను. అక్షరదోషాలు సవరించాను. అభిప్రాయాలను మాత్రం అప్పుడెట్లా ఉంటే అట్లాగే ఉంచాను.

ఒకటవ పొడుపు

అలవాటు ప్రకారం బడిని అద్దాల వరండాలో పెట్టాము. మా ఊళ్ళో బయటికి చూసే అద్దం అదొక్కటే. తక్కిన ఇళ్ళన్నీ మట్టి కింద ఉన్నాయి. ప్రతి పొడుపుకూ ఒకే పాఠం చెబుతాను: తొలి యాత్రికుల పాఠం. ముగ్గురు మనుషులు మొట్టమొదటిసారి చంద్రుణ్ణి చుట్టి రావడానికి బయలుదేరారు. వారికిచ్చిన పనుల్లో భూమి ఫోటోకు ఆఖరి స్థానం. మూడు చుట్లు తిరిగినా వారికది లేస్తూ కనబడలేదు, ఎందుకంటే నౌక కిటికీలు అటు లేవు. నాలుగో చుట్టులో నౌకను తిప్పారు. బూడిదరంగు అంచు మీదుగా నీలంగా, తెల్లగా ఒక బంతి పైకి వచ్చింది. చంద్రుణ్ణి చూడబోయినవారు భూమిని చూసి వచ్చారు. వారి తరువాత వెళ్ళినవారు బొటనవేలు చాచి దాన్ని మూయవచ్చని చెప్పారు. తామెరిగిన మనుషులందరూ, సరిహద్దులూ, యుద్ధాలూ ఆ వేలి వెనక ఇమిడిపోయాయని తెలిసిన తరువాత మనిషి భూమిని తలచుకునే తీరు మారింది.

పాఠం తరువాత బొమ్మ గీయమన్నాను. ఎనిమిదేళ్ళ సార్లమ్మ, ఇక్కడే పుట్టిన పిల్ల, భూమిని బోర్లించిన గిన్నెలా గీసింది. కింద అడ్డంగా గీత. ఆపైన నాకు ఎర్ర సిరా తీయక తప్పలేదు.

"గుండ్రంగా గీయాలమ్మా. పాఠ్యపుస్తకంలో చూడలేదా?"

"పుస్తకంల బొమ్మ తలకిందులున్నది సార్. మంచు పైన ఉండాలె. ఆళ్ళు కింద పెట్టిండ్రు."

మేమున్న కొస నుంచి భూమి అట్లాగే, దక్షిణపు మంచు పైకి కనబడుతుంది. అందుకే ఆ పిల్ల మాటలో తప్పు లేదు. చంద్రుని దారిలో మనుషులు తీసిన ప్రసిద్ధమైన ఫోటోలో కూడా మంచు పైనే ఉండేదనీ, అచ్చువేసినవారు చూసేవారి అలవాటుకోసం దాన్ని తిప్పారనీ చెప్పాను.

"తిప్పిండ్రు గద. కింది సగం గూడ ఆళ్ళే అతికిచ్చిండ్రు," అంది సార్లమ్మ.

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వబోయి, అద్దంలోకి చూశాను. అది పూర్ణభూమి పూట. ఎదురుగా డంపర్లు పోసిన మట్టి గుట్ట ఉంది. గనుల నుంచి వచ్చిన మావాళ్ళు, బొగ్గు మీది మట్టి పోసే గుట్టల పేరునే పెట్టి, దాన్ని ఓబీ గుట్ట అంటారు. దాని మీద భూమి పైసగం మాత్రమే ఉంది. గిన్నె బోర్లించినట్టే. పిల్ల చూసింది చూసినట్టు గీసింది.

ఎర్రగీతను కొట్టేసి, మార్కులు మార్చాను.

అదే పొడుపు, దిగే ముందు

ప్లాంటు ఇన్‌ఛార్జి కొలిపాక స్వరూప దగ్గరికి వెళ్ళాను. గోదావరిఖని మనిషి. తండ్రీ తాతా బొగ్గు తవ్వినవారు. ఆమె గది తలుపు మీద 'అనుమతి లేనిదె రావద్దు' అని వ్రాసి ఉంది. దీర్ఘం పెట్టించమని ముందుగా చెప్పాను.

"దీర్ఘం కోసమే వచ్చిండ్రా సార్?"

"గుట్ట కోసం వచ్చాను. ఊరు కట్టినప్పటి ఉత్తర్వు ప్రకారం మట్టిని అన్ని దిక్కులకూ సమంగా పరచాలి. మీరు అంతా తెచ్చి ఒకచోటే, సరిగ్గా అద్దాల వరండా ఎదురుగా పోయించారు."

"నేనెక్కడ పోయమన్న? డ్రైవర్లకు దిక్కు నేను చెప్ప. తీసుకపోయి పోయుండ్రి అంట. ఊరంత ఊపిరి తీసుకోవాలె, నాకా లెక్క చాలు."

"పిల్లలకు భూమి కనబడటం లేదమ్మా."

"మాస్టు కంబం మీద కెమెరా ఉన్నది గద. తెర మీద మంచిగ కనబడతది. మీ అద్దంల కంటె సాఫ్ ఉంటది."

మనుషులకంటే ముందే యంత్రాలు చంద్రుని దగ్గర నుంచి భూమిని ఫోటో తీశాయనీ, అవి పత్రికల్లో వచ్చినా లోకం అంతగా చలించలేదనీ, మనుషులు వెళ్ళి చూసినప్పుడే చలించిందనీ చెప్పాను. ఈ వాదం మీద నాకు నమ్మకం ఎక్కువ. చాలాసార్లు గెలిచాను.

స్వరూప టీ కలుపుతూ ఆలోచించింది. "చూసినోళ్ళెందరు సార్?"

"ముగ్గురు."

"మిగిలినోళ్ళంత ఇంట్ల కూసొని టీవీల చూసిండ్రు, పేపర్ల చూసిండ్రు. ఆళ్ళు మారలేదా? మరి మా పిల్లలు తెర మీద చూస్తె ఏం తక్కువైతది?"

టీ బాగుందని చెప్పి వచ్చాను. అయినా గుట్టను ఆమె కావాలనే అక్కడ పెంచిందన్న అనుమానం నాకు పోలేదు.

భూమి లేని పక్షం

ఊరి సభ ప్రకటన అంటించారు. అద్దాల వరండాను వెచ్చగా ఉంచడానికి విద్యుత్తు విపరీతంగా ఖర్చవుతోందట, చూడటానికి అక్కడ మట్టి తప్ప ఏమీ లేదట, కాబట్టి నాలుగో పొడుపు దిగగానే దాన్ని ఇటుకలతో మూసి సామాన్ల గది చేస్తారట. ప్రకటనలో వాక్యనిర్మాణం నిర్దుష్టంగా ఉంది. అదే నన్ను భయపెట్టింది. ఇంత జాగ్రత్తగా వ్రాసినదాన్ని సభవారు సులువుగా రద్దు చేయరు.

సార్లమ్మ తరానికి సగం భూమి మిగిలింది. తరువాతి పిల్లలకు అదీ ఉండదు. మనం తినే గింజ, మందుబిళ్ళ, పలికే భాష వచ్చిన చోటు వారికి తెర మీద తిరిగే ఒక బొమ్మ అవుతుంది. నేను బతికుండగా ఆ అద్దం ముందు ఇటుక పేర్చనివ్వను. ఈ వాక్యాన్ని రెండోసారి చదువుకున్నాను. మార్చవలసినదేమీ కనబడలేదు.

రెండవ పొడుపు

గుట్ట అక్కడే ఎందుకు పెరిగిందో కళ్ళతో చూద్దామని డంపరు ఎక్కాను. డ్రైవరు జంగిలి ఓదెలు ఈ ఊరికి మొదటి విడతలో వచ్చినవాడు. నాకు సూటు తొడగడానికే ఇద్దరు సాయం పట్టారు.

"పైలం సార్. తల తగులుతది. మీ వ్యాకరణం లోపలికి జారుతది," అన్నాడు ఓదెలు.

ప్లాంటు మెట్ట మీద లోడు ఎత్తుకుని బయలుదేరాము. ఈ కొసన సూర్యుడు నేలను రాసుకుంటూ చుట్టూ తిరుగుతాడు. నీడలు అతడితోపాటు తిరుగుతాయి. నిన్న గుంతలా కనబడినది ఇవాళ గుట్టలా కనబడుతుంది. ఏ రాయీ తన రూపాన నిలవదు. కదలకుండా ఒకే దిక్కున ఉండేది భూమి ఒక్కటే.

"దేన్ని చూసి తోలుతావు ఓదెలూ?"

అతడు గడ్డంతో ముందుకు చూపించాడు.

"అది ఎదురుంగ ఉంటె బండి అటే పోతది సార్. నేను తోల్తున్న అనుకుంటరు అందరు. నేను స్టీరింగ్ పట్టుకొని కూసుంట, అంతే."

"ఆ దిక్కుకే వెళ్ళమని ఎవరైనా చెప్పారా?"

"ఎవరు చెప్తరు? అందరం గట్లనే పోతం. అది దిగినంక చక్రాల అచ్చులు పట్టుకొని పోతం."

గుట్ట మీది బాట ఎక్కాము. ఎక్కేకొద్దీ భూమి కింది అంచు బయటపడింది. శిఖరానికి చేరేసరికి పూర్తిగా గుండ్రంగా, నేలకు తగలకుండా ఎదుట నిలిచింది. మబ్బులు సున్నపు చేతితో తుడిచినట్టున్నాయి. ఇన్నేళ్ళుగా వరండా అద్దంలో నేను ఇంత భూమిని చూడలేదు. గుట్ట పెరిగేకొద్దీ కింద ఉన్నవారికి భూమి తరిగింది, పైకెక్కినవారికి పెరిగింది. అందుకే డ్రైవర్లలో ఒక్కరికీ లోటు తెలియలేదు.

ఓదెలు బండి ఆపబోయాడు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "ఇంకొంచెం ముందుకు పోనీ."

పోనిచ్చాడు. అంచు దాకా వెళ్ళి, ఇద్దరమూ చూస్తూ కూర్చున్నాము. తరువాత అతడు మీట లాగాడు. మా లోడు అక్కడే, గుట్ట కొసన, జారిపడింది.

నేను వెతికిన కుట్ర ఇదన్నమాట. గుట్టను పోగుచేసినది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ప్రతి డ్రైవరూ భూమి ముఖంగా తోలాడు, దానికి వీలైనంత దగ్గరగా వెళ్ళి లోడు దించాడు, తిరిగివచ్చాడు. చూడాలన్న కోరికే టన్నులకొద్దీ మట్టిగా మారి చూపుకు అడ్డం నిలిచింది. ఇవాళ్టి లోడులో నా పాలూ ఉంది.

దిగగానే స్వరూప దగ్గరికి వెళ్ళి, అనుమానించినందుకు క్షమించమని అడిగాను. ఆమె అంతా విని అంది: "మా నాయిన గని నుంచి పైకి రాంగనే ఎలుగు దిక్కు నిలవడి చూసేటోడు సార్. ఎవరు పిలిచినా పలుకకపోయేటోడు." ఆ వెంటనే డ్రైవర్లందరినీ పిలిపించింది.

డ్రైవర్ల గదిలో నేను చెప్పినది ఎవరికీ నచ్చలేదు. "అంటె మేము చూసుడే తప్పంటరా సార్?" అని ఒకరు, "కింది నుంచి మొత్తుకుంటె మాకెట్ల తెలుస్తది?" అని మరొకరు. చూడటం తప్పు కాదనీ, తోలిన దిక్కు మార్చాలనీ చెప్పాను. ఇకపై మట్టిని ఊరి వెనక పల్లంలో పోయాలని స్వరూప తేల్చింది. గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

మూడవ పొడుపు

భూమి లేని పక్షమంతా డంపర్లు వెనక పల్లానికి సక్రమంగా నడిచాయి. పొడుపు రాగానే చిక్కు మొదలైంది.

ఊరి వెనక్కి వెళ్ళాలంటే భూమికి వీపు పెట్టాలి. ప్లాంటు మెట్ట నుంచి పల్లంలోకి దిగే దాకా అది కనబడుతూనే ఉంటుంది, వెనక్కి చూడగలిగితే. డ్రైవర్లు వెనక్కి చూడలేదు. వెనక్కి తోలారు. లోడుతో ఉన్న డంపర్లన్నీ వరుసగా, ముఖాలు భూమి వైపు పెట్టుకుని, రివర్సులో పల్లం దాకా నడిచాయి. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదట. ఓదెలు డంపరు వెనక చక్రం గుంతలో దిగబడి, బండి పక్కకు ఒరిగింది. మనిషికి దెబ్బ తగలలేదు. బండిని లేపేసరికి ఒక షిఫ్టు పోయింది, ఊరందరికీ గాలి పొదుపు ప్రకటించవలసి వచ్చింది.

స్వరూప సూటు విప్పకుండానే డ్రైవర్ల గదిలోకి వచ్చింది.

"అత్తగారింటి నుంచి పోబుద్ధి గాని కొత్తల్లుని లెక్క ఎనకకు ఎనకకు నడుసుడేంది ఓదెలన్న?"

"వీపు పెట్టబుద్ధి కాలేదు."

"అది నిన్ను చూస్తాందా?"

"చూసినా చూడకపోయినా." ఓదెలు చేతి తొడుగులు బల్లమీద పెట్టాడు. "రోజంత ఈ బూడిదనే గద స్వరూపా. ఆడ నీళ్ళున్నయి, మబ్బులున్నయి. ఆ ఒక్క పది నిమిషాలు అటు చూస్తె మిగతా షిఫ్టు ఎల్తది. అదిగూడ తీసుకుంటె నేను దేన్ని చూసి తోలాలె?"

గదిలో అందరూ నా వైపు చూశారు. ఆ ప్రశ్న నాకే చెందుతుందని నాకూ తెలుసు. పిల్లలకోసం వారి దగ్గర నుంచి నేను అడుగుతున్నది మట్టి మోత కాదు. వారి షిఫ్టులో ఉన్న ఒకే ఒక్క రంగు.

"నువ్వు అన్నది నిజం ఓదెలూ," అన్నాను. "ఒక్కటి మాత్రం చెప్పగలను. నువ్వు పుట్టినచోటు అది. కళ్ళు మూసుకున్నా నీకు కనబడుతుంది. సార్లమ్మ కళ్ళు మూసుకుంటే గుట్ట కనబడుతుంది."

ఓదెలు లేచి చేతి తొడుగులు తొడుక్కున్నాడు.

"బండ్లు తీద్దాం పాండ్రి," అన్నాడు. "ముఖం తిప్పే తోలుతం."

స్వరూప అప్పుడే మరొకటి తేల్చింది. నౌకలు దిగే మైదానాన్ని పెంచడానికి మట్టి కావాలి, దానికోసం కొత్తచోట తవ్వాలని ఉత్తర్వు ఉంది. "కొత్తగ తవ్వుడెందుకు? గుట్ట నడుమ నుంచే తీస్త," అంది. అట్లా గుట్టకు గండి పడటం మొదలైంది. పైకెక్కే బాటను ఆ పూటే మూసేశారు.

నాలుగవ పొడుపు

సభవారు గడువు పొడిగించలేదు, ఒక షరతు మాత్రం పెట్టారు. ఈ పొడుపులో అద్దంలోంచి గండిలో భూమి కనబడితే వరండా ఉంటుంది, లేదంటే ఇటుకలు దిగుతాయి. ఇటుకలను ముందుగానే తెచ్చి గోడ వారగా పేర్చారు. పిల్లలను వాటి మీదే కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

గండి ఇంకా సన్నం. డంపరు పట్టేంత వెడల్పు కూడా లేదు. పొడుపు వేళ దాటింది. గుట్ట పైన ఎప్పటిలాగే నీలపు గిన్నె లేచింది, గండిలో నలుపు తప్ప ఏమీ లేదు. సభ పెద్ద ఇటుకల వైపు చూశాడు. భూమి ఒకే దిక్కున కదలకుండా ఉన్నట్టు కనిపించినా, పొడుపులో ఎడమకూ కుడికీ కొంచెం ఒరుగుతుందనీ, ఈ పక్షం నడిమికి గండి ఎదుటికి వస్తుందనీ చెప్పి, ఆయనను కూర్చోమన్నాను. మాజీ విద్యార్థి కాబట్టి కూర్చున్నాడు. మరుసటి పూటా వచ్చాడు. ఆ మరుసటి పూటా.

ఇవాళ గండి అడుగున నలుపు చిట్లింది. సన్నని నిలువు గీత. నీలం, దానికి అడ్డంగా తెలుపు.

సభ పెద్ద లేచి అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. ఆయన వెనక పిల్లలు ఎత్తు ప్రకారం వరుస కట్టారు.

అప్పుడు గోడకున్న రేడియో గరగరలాడింది. ఓదెలు గొంతు. లోడుతో పల్లంలోకి దిగుతున్నాడు, భూమికి వీపు పెట్టి.

"సార్, వచ్చిందా?"

నేను మాట్లాడబోయి ఆగి, రేడియో మైకును సార్లమ్మ చేతికిచ్చాను.

"వచ్చింది ఓదెలు మామా. గీత లెక్క ఉన్నది."

"రంగేంది?"

"నీలం. మీద తెల్లగ సుడి తిరిగినట్టున్నది. కదులుతాందో లేదో తెల్వది."

"మబ్బది. మెల్లగ కదులుతది. గోదారి దిక్కు తెల్లారిందా?"

ఆ పిల్ల నన్ను చూసింది. వరండా గోడ మీద భారతదేశపు వేళ పెట్టిన గడియారాన్ని చూపించాను.

"ఇంక లేదు మామా. ఆడ ఇంక రాత్రే."

కొంచెంసేపు గరగర. తరువాత మరో డ్రైవరు గొంతు: "ఓ పోరీ, ఆగకు. చెప్పుకుంట ఉండు. నేను మెట్ట దిగుతున్న." ఇంకొకరు: "నేను గూడ ఇంటున్న." సార్లమ్మ చెబుతూనే ఉంది. వాక్యాలకు కర్త ఒకచోట, క్రియ ఒకచోట. నేను ఒక్కటీ సవరించలేదు. తను అలసిపోయినప్పుడు పక్క పిల్ల అందుకుంది. డంపర్లు వెనక్కి కాదు, ముందుకు తిరిగి, వరుసగా పల్లంలోకి దిగాయి.

స్వరూప ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో నిలబడి వింటోంది. తెర మీద చూస్తే ఏం తక్కువని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర అప్పుడు లేని సమాధానం వినబడుతోంది. ఆ ముగ్గురినీ లోకం నమ్మింది వారు అక్కడ ఉండి, చూస్తూ, చూస్తున్నది చూస్తున్నట్టు కిందివారికి చెప్పారు కాబట్టి. చెప్పే మనిషి అద్దం దగ్గర లేకపోతే తెర మీద ఎంత సాఫుగా ఉన్నా అది బొమ్మే. స్వరూప వెళ్తూ వెళ్తూ పేర్చిన ఇటుకల్లో రెండు చేత పట్టుకుని వెళ్ళింది. తక్కినవాటిని పెద్ద పిల్లలు మోశారు.

దినచర్య నుంచి ఎత్తి వ్రాసినది ఇంతే. గుట్టను పూర్తిగా తీసేసరికి నేనుండను. గండి మాత్రం ప్రతి పక్షం వెడల్పవుతోంది, డ్రైవర్లకు వీపు పెట్టడం ప్రతి పక్షం కష్టంగానే ఉంది. పిల్లలు వంతులు వేసుకుని షిఫ్టు పొడవునా చెబుతున్నారు.

మీ డ్రైవర్లూ మావారిలాంటివారే అయివుంటారు. ఎదురుగా అది ఉంటే బండి అటే పోతుంది. ఉత్తర్వు అంటించి ఊరుకుంటే ఎవరూ చదవరు. కాబట్టి మొదటి లోడు కదిలే పూట, బళ్ళ ముఖాలు భూమికి ఎడంగా తిప్పించి, మీ ఊళ్ళో స్పష్టంగా చదవగలిగిన ఒక బాలుణ్ణో బాలికనో అద్దం ముందు నిలబెట్టి, ఈ లేఖను మొదటి నుంచి చివరి దాకా రేడియోలో బిగ్గరగా చదివించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. తోలేవారి కళ్ళు బాట మీద ఉంటాయి. వారికి మిగిలేది చెవులే. చదివే పిల్ల మధ్యలో తలెత్తి, లేఖ ఆపి, బయట ఏం కనబడుతోందో చెప్పడం మొదలుపెడితే, దయచేసి అడ్డుకోవద్దు.